గిన్నెకు అట్ట వేసిన ఆదివారం

మంగళవారం ఉదయం ఆరున్నరకు ఆసుపత్రి వంటాయన పసిఫిక్ మహాసముద్రం మీద కాలు వేసి, జారి, దక్షిణ అమెరికా పక్కన పడ్డాడు. కుడిచేతి మణికట్టు విరిగింది.

మహాసముద్రానికి పెద్దగా ఏమీ కాలేదు. ఒక మూల నలిగింది, అంతే. అతని భార్య దాన్ని తడిగుడ్డతో అద్ది, రెండు అట్టల మధ్య పెట్టి, పైన బరువు ఉంచి, ఆ తర్వాత మొగుణ్ణి లేపింది. ఈ వరస గురించి ఆ ఇంట్లో చాలా రోజులు చర్చ జరిగింది.

"ముందు నన్ను కదే లేపాల్సింది?"

"ఆ కాయితం ఆరిపోతే ముడత జన్మలో పోదు. మీరు ఆరినా ముడత పడరుగా," అంది ఆవిడ.

ఆవిడను వీధిలో అందరూ అట్టలమ్మ అంటారు. పుస్తకాలకు బైండింగు చేస్తుంది. పదిహేనో ఏట అచ్చాఫీసులో అచ్చయిన కాయితాలు ఫారాలుగా మడవడానికి చేరి, అక్కడ ముసలి బైండరు పక్కన కూర్చుని కుట్టు నేర్చుకుని, ఆయన చూపు మందగించాక ఆయన పనీ, ఆయన సూదులూ, ఆయన చిరాకూ మూడూ కలిపి తీసుకుని ఇంటికి వచ్చేసింది. ఇప్పుడు యాభై మూడేళ్లు. ఊళ్లో గ్రంథాలయాల్లో సగం పుస్తకాలు ఆవిడ చేతుల మీదుగా పోయినవే. అయినా ఒక్క పుస్తకమూ పూర్తిగా చదవలేదు. ప్రతిదాంట్లోనూ మొదటి పేజీ, చివరి పేజీ చదివింది. ఊడి వచ్చేవి ఆ రెండే కనుక. ఏ కథ ఎక్కడ మొదలైందో, ఎవరు పోయారో, ఎవరికి పెళ్లయిందో అడిగితే ఠక్కున చెబుతుంది. మధ్యలో ఏం జరిగి ఉంటుందో ఊహించుకోవడం అలవాటైపోయింది. ఆ ఊహ ఒక్కోసారి పుస్తకం రాసినవాడి ఊహ కంటే బాగుండేదని ఆవిడ నమ్మకం.

మొగుడు జారిన కాయితం బడిపిల్లల అట్లాసులోది. అవి నలభై ఉన్నాయి. విప్పి, విడి కాయితాలు ఆరబెట్టడానికి గది నిండా పరిచింది. ఆ గదిలో కిటికీ పక్కన ఒక బల్ల ఉంది. ఏడడుగుల పొడుగు, మూడడుగుల వెడల్పు, నలుగురు మోస్తే గాని కదలని పాత చెక్క. దానిమీద పుస్తకాలు నొక్కే ఇనప ప్రెస్సు, జిగురు గిన్నె, దారపు ఉండలు, అట్టల దొంతరలు. ఆ బల్ల లేకపోతే అట్టలమ్మ పని లేదు. కిటికీ వెలుగు పడేది అక్కడే. ఇంటి వెనక రేకుల కొట్టు ఉంది గాని, అందులో తేమ. ఒక రాత్రి కాయితం పెడితే తెల్లారేసరికి అప్పడంలా వంగుతుంది.

చిక్కేమిటంటే ఆ బల్ల అట్టలమ్మది కాదు. అత్తగారిది. అసలు అది భోజనం బల్ల.

అత్తగారు పోయాక ఇల్లు పెద్దదని బల్ల కొడుక్కి వచ్చింది. మొదట్లో దానిమీద అన్నం తిన్నారు. తర్వాత ఒక మూల రెండు పుస్తకాలు పెట్టింది అట్టలమ్మ. పుస్తకాలు పిల్లలు పెట్టేవైతే కావు గాని, ఎలాగో పెరిగాయి. పదేళ్లుగా మొగుడూ పెళ్లాలిద్దరూ వంటింటి గట్టు దగ్గర నిలబడి, రైలు తప్పిపోతుందేమో అన్నట్టు తింటున్నారు.

ఇది వంటాయన అక్కగారికి నచ్చలేదు. ఆవిడ ముప్పై ఏళ్లు ఆడపిల్లల హాస్టల్లో వార్డెనుగా చేసి రిటైరైంది. ఉద్యోగం ఆవిణ్ణి వదిలింది గాని ఆవిడ ఉద్యోగాన్ని వదల్లేదు. ఎవరింటికి వెళ్లినా ముందు వేలితో కిటికీ చట్రం తుడిచి, ఆ వేలు చూసుకుని, తర్వాత "బాగున్నారా?" అంటుంది. పోయిన నెల వచ్చినప్పుడు వేలు బల్ల మీద పెట్టింది. వేలితో పాటు ఎర్ర దారం, ఎండిన జిగురు పొర, ఒక కాయితం తునకా వచ్చాయి.

"ఆరుగురం తిన్నాం రా తమ్ముడూ ఈ బల్ల మీద," అంది వార్డెనమ్మ. "ఇప్పుడు దీనిమీద తింటున్నవి చెదపురుగులే."

"మా ఇంట్లో చెదలు లేవు వదినా. పుస్తకాలతో పాటు బయట్నించి వచ్చినవే," అంది అట్టలమ్మ.

"భోజనం బల్ల మీద భోజనం చెయ్యని ఇంట్లో అది దేనికమ్మాయ్? మా ఇంటికి పంపించెయ్యండి. మేమైనా కూర్చుని తింటాం."

అప్పుడు అట్టలమ్మ నోరు జారింది. "చెయ్యం అని ఎవరన్నారు? వచ్చే నెల మొదటి ఆదివారం మీరూ అన్నయ్యగారూ రండి. ఈ బల్ల మీదే భోజనం."

"కూర్చుని, కడుపునిండా తిని లేచామంటే మళ్లీ బల్ల ఊసెత్తను. లేదంటే సోమవారం బండి పంపిస్తా."

మొగుడు వంటవాడు గదా అన్న ధైర్యంతో అట్టలమ్మ ఒప్పుకుంది. ఆ వంటవాడే ఆదివారం ఇంకా అయిదు రోజులు ఉందనగా పసిఫిక్ మీద కాలు వేశాడు.

నిజానికి వంటాయన చెయ్యి బాగున్నా ఏమంత ఒరిగేది కాదు. ముప్పై ఒక్క ఏళ్లుగా ఆసుపత్రిలో పళ్లు లేనివాళ్లకీ, ఉప్పు కూడనివాళ్లకీ, నిన్ననే కడుపు కోయించుకున్నవాళ్లకీ వండిన చెయ్యి అది. ఇన్నేళ్లలో ఎవరూ వంట బాగాలేదని ఫిర్యాదు చెయ్యలేదని ఆయన గొప్పగా చెప్పుకునేవాడు. ఫిర్యాదు చేసేంత ఓపిక వచ్చినవాళ్లను వెంటనే ఇంటికి పంపేసేవారన్న సంగతి చెప్పేవాడు కాదు.

"ఆదివారం వద్దని అక్కకి కబురు పెడదామే," అన్నాడు కట్టు కట్టిన చెయ్యి మెడకు వేలాడేసుకుని.

"పెడితే సోమవారం బండి వస్తుంది."

"మరి వండేదెవరు?"

"నేను."

 వంటాయన విరగని చెయ్యి నెత్తిన పెట్టుకున్నాడు.

ఆవిడ ధైర్యానికి ఒక కారణం ఉంది. క్లబ్బు గ్రంథాలయం నుంచి బైండింగుకు వచ్చిన వాటిలో ఒక వంటల పుస్తకం ఉంది. దాంట్లో ఒక పేజీ మీద పళ్లెం బొమ్మ. అందులో నిగనిగలాడే గొడ్డు మాంసం ముక్క, చుట్టూ క్యారెట్లు, బంగాళాదుంపలు, చిన్న ఉల్లిపాయలు. పేజీ అడుగున ఇలా ఉంది: "బొటనవేలంత మందాన కోసిన భుజం ముక్కకు ఉప్పు, మిరియాలు పట్టించి, అడుగు మందంగా ఉన్న గిన్నెలో రెండు వైపులా ఎర్రగా కాల్చి..." ఆ తర్వాత రెండాకులు లేవు. చెదలు తినేశాయి. మిగిలిన పేజీ ఇలా మొదలవుతుంది: "...చెంచాతో తాకితే చాలు, విడిపోతుంది. నలుగురికి సరిపోతుంది."

మొదలు ఉంది, చివర ఉంది. మధ్య ఊహించుకోవాలి. అట్టలమ్మకు జీవితమంతా ఇదే పని.

శనివారం మాంసం కొట్టుకు వెళ్లింది. కొట్టతను మెత్తటి ముక్క తీసి చూపించాడు. ఆవిడ తల అడ్డంగా ఊపి, మూలన కొక్కేనికి వేలాడుతున్న భుజం వైపు చెయ్యి చూపించింది. తెల్లటి నరాలు, పొరలు, పీచు.

"అది కాల్చుకు తినే స్టేకుకి పనికిరాదమ్మా. నములుతూ కూర్చోవాలి. మీ ఇంటికి చుట్టాలు వస్తున్నారా?"

"మా ఆడపడుచు."

"ఓహో," అన్నాడు కొట్టతను, అంతా అర్థమైనట్టు. "అయితే ఇదే తీసుకెళ్లండి."

"అందుకు కాదు నాయనా. ఈ తెల్లగా ఉన్నదంతా ఏమిటనుకున్నావ్? జిగురు. మా పనిలో గట్టి జిగురు వచ్చేది తోళ్లు, నరాలు కాచితేనే. సన్నటి సెగ మీద గంటల తరబడి ఉంచితే కరిగి తేనెలా అవుతుంది. తొందరపడి తెర్లించావా, చచ్చి నీళ్లవుతుంది."

కొట్టతను కత్తి పక్కన పెట్టి, అమ్మే ముక్క వంక మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు. "జిగురు అంటే గుర్తొచ్చింది, మా అబ్బాయి లెక్కల పుస్తకం..."

"పంపించు," అంది అట్టలమ్మ, పొట్లం అందుకుంటూ.

ఆదివారం మధ్యాహ్నం రెండింటికి పొయ్యి వెలిగింది. వంటాయన వంటింట్లో స్టూలు వేసుకుని కూర్చున్నాడు. మాట్లాడకూడదన్నది షరతు. మాంసం నాలుగు ముక్కలూ ఒక్కొక్కటే గిన్నెలో పడి చుర్రుమన్నాయి. పక్కకు జరిపితే అంటుకుంటోంది.

"అంటుకుంటే లాగకు..." అని వంటాయన నోరు విప్పాడు.

"నాకు చెబుతారా అంటుకున్నదాని సంగతి?"

ఆగింది. అడుగు ఎర్రబడ్డాక ముక్క దానంతటదే వదిలింది. ఉల్లిపాయలు వేసింది, రెండు చెంచాల మైదా చల్లింది, ఎముకల రసం పోసింది, టమాటాలు చిదిమి వేసింది. వాసన ఆకులు నాలుగు కట్టగా పేర్చి బైండింగు దారంతో కుట్టి ముడివేసింది. ఆ ముడి ఊడదు. నిఘంటువులకు వేసే ముడి అది. మంట దీపం వత్తంత చేసి మూత పెట్టింది.

తర్వాత క్యారెట్లు తీసింది. స్టీలు స్కేలు పెట్టి కొలిచి, అన్నీ రెండంగుళాలకు కోసింది. వంటాయన చూస్తూ కూర్చున్నాడు. ఆయన పెదాలు కదిలాయి గాని మాట బయటికి రాలేదు. ఒక క్యారెట్టు అర అంగుళం తక్కువ వచ్చింది. అది తీసి మొగుడి నోట్లో పెట్టింది. రెండు విధాలా కలిసొచ్చింది.

గొడవంతా మూతతో వచ్చింది.

ముప్పై ఒక్క ఏళ్లు వంట చేసినవాడికి మూత ఎత్తి చూడటం ఊపిరి తీసుకోవడం లాంటిది. అట్టలమ్మ బల్ల ఖాళీ చెయ్యడానికి పక్క గదిలోకి వెళ్లిన మరుక్షణం వంటాయన ఎడమచెయ్యి మూత మీదికి వెళ్లింది. ఆవిడ అట్లాసులు సర్ది వచ్చేసరికి మూత టంగుమంది. దారాలు సర్ది వచ్చేసరికి టంగుమంది. ప్రెస్సును తాడు కట్టి, కింద గుడ్డ వేసి, గది మూలకు ఈడ్చుకుంటున్నప్పుడు లోపల్నుంచి టంగు, టంగు, టంగు.

"ఎన్నిసార్లు ఎత్తారు?"

"రెండుసార్లు."

"నేను లెక్కపెట్టాను. పదకొండు."

"చూసుకోవాలి కదే! నీళ్లు తక్కువున్నాయి. ఆసుపత్రిలో అయితే ఇంకో బకెట్టు పోస్తాం."

"అక్కడ తాగడానికి పెడతారు, ఇక్కడ తినడానికి."

మూడూ ముప్పావుకు కూరగాయలు వేసి, మూత పెట్టి, బల్ల తుడవడానికి వెళ్లింది. ఏదో అనుమానం వచ్చి వేళ్ల మీద నడుస్తూ వెనక్కి వచ్చింది. ఒక చేతికి కట్టు, రెండో చేత్తో చెంబు, మోచేత్తో మూత ఎత్తుతున్నాడు మహానుభావుడు. చెంబు నిండా నీళ్లు. చెంబు మూతికీ గిన్నె మూతికీ మధ్య బెత్తెడు దూరం. ఆ బెత్తెడు దూరంలో ఏడడుగుల బల్ల వేలాడుతోంది.

అట్టలమ్మ అరవలేదు. చెంబు అందుకుని పక్కన పెట్టింది. బాణలిలో మైదా, నీళ్లు పోసి కలియబెట్టి, పొయ్యి మీద పెట్టి చిక్కటి జిగురు కాచింది. ఉతికిన పలచటి వలగుడ్డ వేలెడు వెడల్పున పట్టీలుగా చించింది. జిగురులో ముంచి, మూతకూ గిన్నెకూ మధ్య సందు మీద చుట్టూ అంటించింది. ఆరకముందే దానిమీద ఇంకో పట్టీ. దానిమీద కాయితం మడతలకు వాడే ఎముక పుల్లతో గాలి బుడగ లేకుండా నున్నగా దువ్వింది.

"ఏం చేస్తున్నావే?"

"బైండింగు."

"పేలుతుందే!"

"దీపమంత మంటకి ఏం పేలుతుంది? అయినా ఆవిరికి దారి పెడతా," అని కుట్టు కన్నాలు పొడిచే ఆరతో ఒకచోట సూదిమొనంత చిల్లు పొడిచింది. దారంలాంటి ఆవిరి సన్నగా బయటికి వచ్చింది.

చెయ్యి అలవాటు చెడ్డది. పని బాగా కుదిరేసరికి అక్కడితో ఆగలేకపోయింది. పట్టీ అంచు కనపడకుండా పైన కాయితం అంటించింది. మూత నెత్తిన చిన్న చీటీ కూడా అంటించి, గుండ్రటి అక్షరాలతో రాసింది: "గొడ్డు మాంసం, కూరగాయలు. ఒకే సంపుటం. తెరవరాదు."

వంటాయన ఆ చీటీ చదివి, స్టూలు మీద గోడవైపు తిరిగి కూర్చున్నాడు.

వార్డెనమ్మ అయిదున్నరకు వచ్చింది. పొద్దుండగానే తినడం హాస్టలు నాటి అలవాటు. వెనకాల ఆవిడ భర్త గార్డుగారు. రైల్లో గార్డుగా ఉన్నన్నాళ్లూ జెండా ఊపింది ఆయన. ఇంట్లో మాత్రం ఆవిడ ఊపితేగాని కదలడు. ఆయన చేతిలో పళ్ల సంచీ ఉంది. ఆవిడ చేతిలో దర్జీలు వాడే గుడ్డ టేపు ఉంది.

అట్టలమ్మ ఆ టేపును చూసింది. చూడనట్టు ఊరుకుంది.

బల్ల ఖాళీగా, కడిగి తుడిచి, కిటికీ వెలుగులో మెరుస్తోంది. నాలుగు కుర్చీలు. ఒక్కొక్క పళ్లెం కింద రంగు కాయితం అంటించిన అట్ట. వార్డెనమ్మ వేలితో బల్ల అంచు తుడిచి, వేలు చూసుకుంది. ఏమీ లేదు. వేలు తిప్పి అటువైపు కూడా చూసుకుంది.

"వంట నువ్వే చేశావటగా అమ్మాయ్?"

"నేనే వదినా."

"తమ్ముడికి చెయ్యి ఎప్పుడు బాగవుతుంది?" అంది వార్డెనమ్మ, ఆ రెండు ప్రశ్నలకూ సంబంధం ఉన్నట్టు.

ఆరింటికి గిన్నె వచ్చింది. అట్టలమ్మ బల్ల మధ్య మందపాటి అట్ట వేసి దానిమీద దించింది. చిల్లులోంచి వచ్చే దారమంత ఆవిరి నలుగురి ముక్కుల్నీ ఒక్కొక్కటే వెతుక్కుంటూ వెళ్లింది. గార్డుగారు రుమాలు మెడకు కట్టుకున్నాడు.

అట్టలమ్మ మూత పట్టుకుని లాగింది. రాలేదు. రెండు చేతులతో లాగింది. మూత లేచింది, దానితో పాటు గిన్నె కూడా లేచింది.

"అలా కాదు చెల్లెమ్మా, నన్ను పట్టనీ," అని గార్డుగారు లేచాడు. ఆయన మూత పట్టుకున్నాడు, వంటాయన ఎడమచేత్తో గిన్నె పిడి పట్టుకున్నాడు, ఇద్దరూ చెరోవైపుకూ లాగారు. ఇద్దరూ గిన్నెతో పాటు గది చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి మొదటి చోటికే వచ్చారు. చీటీ మీద "తెరవరాదు" అన్న మాట చెక్కు చెదరలేదు.

ఇల్లు అలకగానే పండగ కాదంటారు. అట్టలమ్మకు ఒక పక్క బల్ల పోతుందేమోనని బెంగ, ఇంకో పక్క, చెప్పుకోకూడదు గాని, కాస్త గర్వంగానే ఉంది. ఇద్దరు మగవాళ్లు లాగినా ఊడలేదు.

"ఇదేమిటమ్మాయ్, కూర వండావా, మూట కట్టావా?" అంది వార్డెనమ్మ. "ఇంత జిగురు పెట్టాల్సిన అవసరం ఏమొచ్చింది?"

"మీ తమ్ముడు చెయ్యి పెట్టకుండా."

"వాడు చిన్నప్పట్నించీ అంతే," అని వార్డెనమ్మ ఒక్క క్షణం మరదలి పక్షాన నిలబడి, వెంటనే సర్దుకుంది. "సుత్తి తెండి."

వంటాయనకు అప్పుడు గుర్తొచ్చింది.  "ఏమే! జిగురులో పురుగు పట్టకుండా ఆ మైలుతుత్తం విషం కలుపుతావు కదే? ఇందులో గాని..."

గార్డుగారు మెడకు కట్టుకున్న రుమాలు మెల్లగా విప్పాడు.

"నాకేం మతి పోయిందా?" అంది అట్టలమ్మ. "పుస్తకం వందేళ్లు ఉండాలి, దానికి కలుపుతాను. ఈ కూర రాత్రిదాకా కూడా ఉండక్కర్లేదు. ఉత్త మైదా, నీళ్లు. కావలిస్తే నాకి చూడండి."

గార్డుగారు రుమాలు మళ్లీ కట్టుకున్నాడు.

"మరి కత్తి పెట్టి కోసెయ్యండి!"

"కత్తి పెడితే గిన్నె పింగాణీ పూత లేచి కూరలో పడుతుంది వదినా. పాత పుస్తకం అట్ట విప్పేటప్పుడు మేం కత్తి పెట్టం. వేడి తడిగుడ్డ చుట్టి, ఆగుతాం."

"ఎంతసేపు?"

"పుస్తకాన్ని బట్టి."

వేడినీళ్లలో తువ్వాలు పిండి గిన్నె మెడకు చుట్టింది. చల్లారితే మళ్లీ ముంచి చుట్టింది. పావుగంట గడిచింది. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్న సామెతకు అర్థం గార్డుగారికి ఆ పావుగంటలో తెలిసొచ్చింది. ఆవిరి మాత్రం ఆగలేదు. ఉల్లిపాయ, మిరియం, ఎర్రగా కాలిన మాంసం, కమ్మటి ఎముక రసం. చూడ్డానికి ఏమీ లేదు, వాసన మాత్రం ఉంది. గార్డుగారు సంచీలోంచి తాము తెచ్చిన పండే ఒకటి తీసి దొంగచాటుగా కొరికాడు. భార్య చూసింది. సగం కొరికిన పండు తిరిగి సంచీలోకి వెళ్లింది.

"ఊరికే కూర్చోవడం దేనికి?" అంది వార్డెనమ్మ. టేపు విప్పింది. "ఏమండీ, ఆ కొస పట్టుకోండి. మన గదిలో పడుతుందో లేదో చూద్దాం. గిన్నె అడ్డంగా ఉంది, అట్ట కాస్త ఎత్తమ్మాయ్."

అట్టలమ్మ గిన్నెతో సహా అట్టను ఒకవైపు ఎత్తింది. టేపు కిందనుంచి వెళ్లింది. ఎత్తినది మళ్లీ దించింది. బల్ల పొడుగునా ఈ కొస నుంచి ఆ కొసకు టేపు పరుచుకుంది, నడుమ దానిమీద మాంసం గిన్నె కూర్చుంది.

"ఎంతుంది?" అని వార్డెనమ్మ భర్తను అడిగింది.

గార్డుగారి కళ్లు గిన్నె మీద ఉన్నాయి. "ఊఁ?"

"అంకె ఎంతండీ?"

"తిన్నాక చెబుతానే."

అప్పుడు అట్టలమ్మ ఒకటి గమనించింది. తడిసిన జిగురు కరిగి, గిన్నె పొట్ట మీంచి పాలచుక్కల్లా జారి, అట్ట అంచు దాటి, బల్ల మీద టేపు కిందికి పాకుతోంది. తుడవడానికి గుడ్డ చేతిలోనే ఉంది. ఆవిడ ఆ గుడ్డ వైపు చూసింది, టేపు వైపు చూసింది, బల్ల అవతల కొసన తన ప్రెస్సు ఉండే చోటు వైపు చూసింది. తర్వాత ఆ గుడ్డతో తన చేతులు శుభ్రంగా తుడుచుకుంది.

ఆరూ నలభైకి పట్టీ అంచు లేచింది. అట్టలమ్మ ఎముక పుల్ల దూర్చి, చుట్టూ తిప్పింది. ఎక్కడా లాగలేదు. పట్టీ మొత్తం ఒకే ముక్కగా, పాము కుబుసంలా ఊడి వచ్చింది. మూత నిట్టూర్చింది. నిజంగానే నిట్టూర్చింది, ఎన్నాళ్ళనుంచో ఉగ్గబట్టుకున్నట్టు. ఆవిరి లేచి నలుగురి మొహాలకూ కొట్టింది.

టేపు రెండు కొసలూ ఒకేసారి బల్ల మీద పడ్డాయి.

లోపల క్యారెట్లు ఎక్కడివక్కడే ఉన్నాయి, అన్నీ రెండంగుళాలు. బంగాళాదుంపలు అంచులు కరిగి మెత్తబడ్డాయి. నడుమ మాంసం ముక్కలు నాలుగు, ముదురు గోధుమ రంగులో, వార్నీషు వేసినట్టు మెరుస్తున్నాయి. అట్టలమ్మ చెంచా తీసుకుని ఒకదాన్ని తాకింది. అంతే. పీచు పీచుకూ మధ్య ఉన్న జిగురంతా కరిగి రసంలోకి దిగిపోయింది. ముక్క విడిపోయింది.

'చెంచాతో తాకితే చాలు' అనుకుంది. మధ్యలో పోయిన రెండాకులు చదివినట్టే అనిపించింది.

అట్టలమ్మ రొట్టె తెచ్చి పక్కన పెట్టింది. చెంచాల చప్పుడు, రొట్టె విరిచిన చప్పుడు. గార్డుగారు జెండా కోసం చూడకుండా రెండోసారి వడ్డించుకున్నాడు. ఆకలి రుచి ఎరగదంటారు గాని, నలభై నిమిషాలు వాసన చూపించి కూర్చోబెట్టిన ఆకలి అన్నీ ఎరుగుతుంది.

అందరూ వంటాయన వైపు చూశారు. ఇంట్లో వంటవాడు ఆయనే గదా.

"ఆసుపత్రిలో అయితే..." అని మొదలుపెట్టాడు.

అట్టలమ్మ చెంచా కింద పెట్టింది.

"...ఇది పెట్టనివ్వరు. పెడితే ఒక్క రోగి కూడా ఇంటికి పోడు."

వార్డెనమ్మ పళ్లెం ఖాళీ చేసి, "మా అమ్మ ఇంకాస్త మిరియాలు వేసేది," అంటూ ఇంకో రెండు గరిటెలు పెట్టుకుంది. తింటూ ఎడమచేత్తో బల్ల అంచు కింద తడిమింది. ఏదో దొరికినట్టు చెయ్యి ఆగింది.

"తమ్ముడూ, ఇక్కడ నా పళ్ల గాట్లు ఇంకా ఉన్నాయి రా."

"ఏవి?"

"అయిదేళ్లప్పుడు. అన్నం ఆలస్యమైందని బల్ల కొరికా."

"ఇవాళ కొరకలేదు, నయం," అన్నాడు వంటాయన.

వార్డెనమ్మ నవ్వింది. ఆవిడ నవ్వడం అట్టలమ్మ పెళ్లయినప్పట్నుంచి మూడోసారి చూడటం. ఆ నవ్వులో ముప్పై ఏళ్ల హాస్టలు కాసేపు సెలవు తీసుకుంది. గాట్ల మీద వేలు అలాగే ఉంచి, రొట్టె ముక్కతో పళ్లెం అడుగు తుడిచింది. వేలు చూసుకోలేదు.

గిన్నె అడుగు కనపడింది. ఆకుల కట్ట ఒక్కటే మిగిలింది. దాని ముడి అలాగే ఉంది. చెయ్యి కడుక్కుని వచ్చాక వార్డెనమ్మకు తను వార్డెనన్న సంగతి మళ్లీ గుర్తొచ్చింది.

"కూర్చున్నాం, తిన్నాం. మాటంటే మాటే. బల్ల ఊసెత్తను," అంది. అని, ఆ మాట మింగుడు పడక, "అయినా భోజనానికి పిలిచి గంటసేపు పస్తు పెట్టడం మాత్రం ఎక్కడా చూళ్లేదు. ఏమండీ, టేపు చుట్టండి, పోదాం."

గార్డుగారు కొస పట్టుకుని లాగాడు. టేపు మధ్యదాకా వచ్చి ఆగింది. అట్టలమ్మ గిన్నె తీసింది. గిన్నె వచ్చింది. అట్ట రాలేదు. గంటసేపు వేడి గిన్నె బరువు కింద అణిగి, అట్ట కింద టేపు, టేపు కింద బల్ల, మూడూ కలిసి ఒకే సంపుటమయ్యాయి. ఆవిడ జీవితంలో చేసిన బైండింగుల్లో అదే బహుశా అన్నిటికన్నా గట్టిది.

వార్డెనమ్మ తనే వచ్చి లాగింది. బల్ల కిర్రుమంది. టేపు రాలేదు.

"అమ్మాయ్! ఇరవై ఏళ్లుగా వాడుతున్న టేపు, బల్లకి పెట్టి అంటించేశావు! ఇప్పుడిదెలా తీసుకెళ్లేది?"

"లాగకండి వదినా, తడిపి ఆగాలి, వచ్చే నెల భోజనానికి వచ్చేసరికి దానంతటదే వదులుతుంది," అంది అట్టలమ్మ.